గంటకు ఇరవై నిమిషాలు

బెంగళూరులో డిగ్రీ చదివే అంధ విద్యార్థికి పరీక్ష రాసిపెట్టే మనిషిని అనుమతించడం, మూడు గంటల పేపరుకు మరో గంట సమయం ఇవ్వడం నేడు కాలేజీ బాధ్యత. ర్యాంపు, లిఫ్టు, చదువుకోదగ్గ రూపంలో పుస్తకం, సంజ్ఞా భాష తెలిసిన ఇంటర్‌ప్రెటర్, అవసరమైతే రెండో భాష పేపరు నుంచి మినహాయింపు కూడా చట్టం పరిధిలోకి వచ్చే వసతులే. ముప్పై అయిదేళ్ల కిందట వీటిలో ఒక్కటీ చట్టంలో లేదు. స్నేహితుడు పక్కన కూర్చుని పాఠం చదివి వినిపించేవాడు. మనసున్న ప్రిన్సిపాల్ ఉంటే క్లాసు కింది అంతస్తుకు మారేది, లేకపోతే లేదు. ఆ మేలు హక్కుగా మారిన తీరులో ఈ నగరానికి తనదైన పద్ధతి ఒకటి కనిపిస్తుంది. వసతి కల్పించే పని ఇక్కడ ఎక్కువగా క్యాంపస్ గోడకు బయటే పెరిగింది. స్వచ్ఛంద సంస్థలు, ఆసుపత్రులు, పరిశోధన కేంద్రాలు పని చేసిపెడితే విశ్వవిద్యాలయం చివర్లో వచ్చి సంతకం పెట్టింది.

మైసూరు సంస్థానంలో అంధులకు, బధిరులకు బడి 1901లో మైసూరులో మొదలైంది. ఎం. శ్రీనివాసరావు పెట్టిన బడి అది. బెంగళూరు సెంట్రల్ కాలేజీకి అప్పటికే నలభై ఏళ్లు దాటాయి. అయినా ఆ బడిలో అక్షరాలు దిద్దుకున్న పిల్లవాడు ఈ కాలేజీ గుమ్మం తొక్కే మార్గాన్ని ఎవరూ ఆలోచించలేదు. బడి చదువు ముగిశాక మిగిలేవి సంగీతం, కుర్చీల అల్లిక వంటి పనులు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1964లో బెంగళూరు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. మధ్యలో, 1951లో భారతి బ్రెయిలీ ఖరారై కన్నడ, తెలుగు, హిందీ వంటి భాషలన్నిటికీ ఉమ్మడి చుక్కల లిపి వచ్చింది. దానితో బడి పుస్తకాల కొరత కొంతవరకు తీరింది. డిగ్రీ పుస్తకం సంగతి వేరు. బ్రెయిలీలోకి ఎక్కించిన మూడు వందల పేజీల పుస్తకం అనేక లావు సంపుటాలవుతుంది. సిలబస్ మారేసరికి అవన్నీ మూలన పడతాయి. ఇంత ఖర్చుకు ఏ కాలేజీ సిద్ధపడుతుంది?

నడవలేనివారి చదువుకు మొదటి కదలిక కూడా విశ్వవిద్యాలయం నుంచి రాలేదు. 1959లో ఎన్.ఎస్. హేమ స్థాపించిన అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిజెబిలిటీ బెంగళూరులో ఈ రంగానికి పునాది వేసిన సంస్థల్లో ఒకటి. హేమకే పోలియో. 1980లో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటక వచ్చింది. ఇవి బడి ఈడు పిల్లలతో, ఉపాధి శిక్షణతో మొదలుపెట్టిన సంస్థలు. వాటి పిల్లలు పెద్దవాళ్లై కాలేజీ మెట్ల ముందుకు వచ్చినప్పుడు గానీ ఉన్నత విద్యలో వసతి అన్న ప్రశ్న పుట్టలేదు.

అదే కాలంలో అమెరికాలో ఈ కథ మరో దారిన నడిచింది. పోలియోతో మెడ కింది శరీరం చచ్చుబడిన ఎడ్ రాబర్ట్స్ 1962లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరాడు. అతను వాడే ఇనుప ఊపిరితిత్తుల యంత్రం పట్టే హాస్టల్ గది లేక, క్యాంపస్ ఆసుపత్రిలో ఒక వార్డునే నివాసంగా ఇచ్చారు. అతని వెనక మరికొందరు చేరారు. 1970 నాటికి అక్కడి వికలాంగ విద్యార్థులు తామే నడుపుకునే సేవా కార్యాలయం క్యాంపస్‌లోనే తెరుచుకుంది. 1973 పునరావాస చట్టంలోని 504వ సెక్షన్, ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ సంస్థా వైకల్యం పేరుతో వివక్ష చూపరాదంది. దాని నియమావళి కోసం 1977లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వారాల తరబడి ప్రభుత్వ భవనంలో బైఠాయించాల్సి వచ్చింది. అక్కడ కార్యాలయం ముందు పుట్టి చట్టం తర్వాత వచ్చింది. ఇక్కడ చట్టం వచ్చిన చాలా ఏళ్లకు గానీ కార్యాలయాలు మొదలు కాలేదు.

ఈ లోటును బెంగళూరులో మొదట పూడ్చింది టేప్‌రికార్డర్. చూపులేని మధు సింఘాల్ 1990లో స్థాపించిన మిత్రజ్యోతి సంస్థ మాట్లాడే పుస్తకాల గ్రంథాలయం నడిపింది. గృహిణులు, పదవీ విరమణ చేసినవారు, ఉద్యోగులు తీరిక వేళల్లో పాఠ్యపుస్తకాలు చదివి క్యాసెట్లలోకి ఎక్కించేవారు. తొంభై నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు నలభై అయిదు నిమిషాలు. ఓ మోస్తరు చరిత్ర పుస్తకానికి పది క్యాసెట్లు కూడా చాలవు. చదివేవారు పేజీ నంబరు చెప్పాలి, కొత్త పేరు వస్తే అక్షరం అక్షరం విడదీసి పలకాలి, పటం వస్తే అందులో ఏముందో మాటల్లో చెప్పాలి. వినేవారికి పరీక్ష ముందు రోజు నాలుగో అధ్యాయం కావాలంటే టేపును ముందుకూ వెనక్కూ తిప్పుతూ వెతుక్కోవడమే దిక్కు. డైసీ పద్ధతి వచ్చాక ఈ తంటా తగ్గింది. అందులో శీర్షిక నుంచి శీర్షికకు, పేజీ నుంచి పేజీకి నేరుగా గెంతవచ్చు. 1997లో మహాంతేశ్ కివడసన్నవర్, ఎస్.పి. నగేశ్ సమర్థనం ట్రస్టును, 1999లో శాంతి రాఘవన్, దీపేశ్ సుతారియా ఎనేబుల్ ఇండియాను ప్రారంభించారు. కంప్యూటర్ శిక్షణ, హాస్టల్, ఉద్యోగం, పరీక్షకు మనిషిని వెతికిపెట్టడం వంటి పనులు, నిజానికి కాలేజీలు చేయాల్సినవి కూడా, చాలావరకు ఈ సంస్థల మీదే పడ్డాయి.

1995 వికలాంగుల చట్టం 1996 ఫిబ్రవరి 7న అమల్లోకి వచ్చింది. ఏడు రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వ సహాయం పొందే విద్యాసంస్థల్లో 3 శాతం సీట్లు కేటాయించాలంది. దాని 31వ సెక్షన్ అంధ విద్యార్థులకు, చూపు తక్కువైన విద్యార్థులకు రాసిపెట్టే మనిషిని విద్యాసంస్థే సమకూర్చాలని స్పష్టంగా చెప్పింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం కూడా ప్రత్యేక అవసరాల విద్యార్థుల కోసం ఒక పథకం తెచ్చి, సహాయ విభాగాలకు, ర్యాంపులకు, పరికరాలకు నిధులిస్తామంది. అడిగిన కాలేజీకి డబ్బు వచ్చేది, అడగని కాలేజీని ఎందుకు అడగలేదని నిలదీసినవారు లేరు. 31వ సెక్షన్ విషయంలోనూ అంతే. ఆచరణలో కాలేజీ అనుమతి ఇచ్చేది, మనిషిని విద్యార్థే తెచ్చుకునేవాడు.

ఆ మనిషినే అందరూ స్క్రైబ్ అంటారు. ఈ పని బయటికి కనిపించినంత తేలిక కాదు. వేరే గదిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు, ఇన్విజిలేటర్ కనిపెట్టుకుని ఉంటాడు. స్క్రైబ్ ప్రశ్నపత్రం మొత్తం ఒకసారి చదువుతాడు, అడిగిన ప్రశ్న మళ్లీ చదువుతాడు. అభ్యర్థి జవాబును తలలోనే పేరాలుగా కట్టుకుని చెప్పాలి. ఎక్కడిదాకా వచ్చిందో చూసుకునే వీలుండదు గనుక మధ్యలో చదివించుకోవాలి. పొలిటికల్ సైన్స్ పేపరైతే పేర్ల స్పెల్లింగుతో సరిపోతుంది. బీకాం అకౌంట్స్ పేపరులో డెబిట్ వైపు రెండో వరుస, క్రెడిట్ వైపు మూడో అంకె అంటూ పట్టిక మొత్తం నోటితో గీయించాలి. స్టాటిస్టిక్స్‌లో స్క్రైబ్‌కు సిగ్మా గుర్తు తెలియకపోతే దాని ఆకారం వర్ణించడానికే నిమిషాలు పోతాయి. గంటకు ఇరవై నిమిషాలు అదనం అన్న లెక్క ఈ నష్టానికి పరిహారమే. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2013 ఫిబ్రవరి 26న జారీ చేసిన మార్గదర్శకాల్లో ఆ లెక్కను స్థిరపరిచింది. స్క్రైబ్‌కు చదువు, మార్కులు, వయసు వంటి షరతులు పెట్టకూడదని కూడా అందులోనే ఉంది.

2018 ఆగస్టు 29 నాటి కొత్త మార్గదర్శకాలు ఈ ధోరణిని కొంత వెనక్కి తిప్పాయి. అభ్యర్థి సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలన్నాయి. కాపీని అరికట్టాలన్న ఉద్దేశం అర్థమయ్యేదే. అయితే ఎంఏ విద్యార్థికి బీఏ చదివేవాళ్లు, బీఏ విద్యార్థికి ఇంటర్ చదివేవాళ్లు కావాలి. సెమిస్టర్ పరీక్షల రోజుల్లో వాళ్లకూ పరీక్షలే. అందుకే ఈ నగరంలో పరీక్షల కాలం వచ్చిందంటే వాట్సాప్ గ్రూపుల్లో తేదీ, ప్రాంతం, పేపరు, భాష రాసిన అభ్యర్థనలు తిరుగుతాయి. కన్నడ మీడియం పేపరైతే మనిషి దొరకడం మరీ కష్టం. ఐటీ ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగువాళ్లు, తమిళులు, ఉత్తరాదివాళ్లు ఇంగ్లీషు పేపరు రాసిపెట్టగలరు గానీ కన్నడ రాయలేరు. పరీక్షలు రాసిపెట్టే ఈ సేవకే బెంగళూరు వాసి ఎన్.ఎం. పుష్పకు 2018 సంవత్సరపు నారీశక్తి పురస్కారం దక్కింది. ఐటీ ఉద్యోగం చేసుకుంటూ ఆమె వందల పరీక్షలు ఇతరుల తరఫున రాసింది. పురస్కారం న్యాయమైనదే, కానీ చట్టం సంస్థ మీద పెట్టిన పనిని ఒక ఉద్యోగిని తీరిక చేసుకుని నడపాల్సి వచ్చిందన్న సంగతిని కూడా అది బయటపెట్టింది.

స్క్రైబ్ వివాదం న్యాయ విద్యలోకీ వచ్చింది. బెంగళూరు నాగరభావిలోని నేషనల్ లా స్కూల్‌లో తరగతులు 1988లో మొదలయ్యాయి. దేశంలోని లా విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష క్లాట్‌ను 2008లో తొలిసారి నిర్వహించింది ఆ స్కూలే. తర్వాత ఆ బాధ్యత తీసుకున్న లా విశ్వవిద్యాలయాల కన్సార్షియం కార్యాలయమూ అక్కడే ఉంది. 2022 డిసెంబరు పరీక్షకు స్క్రైబ్‌ల మీద కన్సార్షియం పెట్టిన షరతులను సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. న్యాయశాస్త్రం చెప్పే సంస్థల గుమ్మంలోనే ఈ తగాదా రావడం విడ్డూరంగా తోచవచ్చు. లా కాలేజీల మీద అంతకుముందే ఒక తీర్పు ఉంది. డిజేబుల్డ్ రైట్స్ గ్రూప్ వేసిన పిటిషన్‌పై 2017 డిసెంబరు 15న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు లా కాలేజీల్లో రిజర్వేషన్, అందుబాటు అంశాలతో మొదలై, ఉన్నత విద్యాసంస్థలన్నీ 2016 చట్టం పెట్టిన 5 శాతం సీట్ల నియమం పాటించాల్సిందేనన్న ఆదేశంతో ముగిసింది. నేషనల్ లా స్కూల్ పూర్వ విద్యార్థి షంనాద్ బషీర్ 2010లో మొదలుపెట్టిన ఐడియా సంస్థ పేద, వికలాంగ విద్యార్థులను లా స్కూళ్లకు సిద్ధం చేస్తూ వచ్చింది.

పుస్తకాల విషయంలో బెంగళూరు చేసిన పని అన్నిటికన్నా దూరం వెళ్లింది. స్కానర్లు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వచ్చాక క్యాసెట్ల అవసరం తగ్గింది. ఖరీదైన జాస్ సాఫ్ట్‌వేర్‌కు బదులు, 2006లో ఆస్ట్రేలియాలో పుట్టిన ఎన్‌వీడీఏ ఉచితంగా దొరికింది. పుస్తకం వెన్ను కోసి, పేజీలను స్కానర్‌లో పెట్టి, అక్షరాలుగా మార్చి, తప్పులు దిద్దితే కంప్యూటర్ చదివి వినిపిస్తుంది. ఇంగ్లీషులో ఇది సాఫీగానే సాగింది, కన్నడ, తెలుగు ఒత్తులు గుణింతాల దగ్గర చాలాకాలం తడబడింది. అసలు చిక్కు మాత్రం కాపీరైట్. ప్రచురణకర్త అనుమతి లేకుండా ఇలా రూపం మార్చడం 2012 వరకు చట్టరీత్యా ఉల్లంఘన కిందికే వచ్చేది. తాను కొన్న పుస్తకాన్ని తాను చదువుకోవడానికి విద్యార్థి ఎక్కడో ఉన్న ప్రచురణ సంస్థను బతిమాలుకోవాలన్నమాట.

2008లో బెంగళూరులో ఏర్పడిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఈ చట్టాన్ని మార్చాలన్న ఉద్యమంలో ముందు నిలిచింది. ఆ సంస్థలో ఈ పని నడిపిన నిర్మితా నరసింహన్ స్వయంగా చూపు లోపం ఉన్న న్యాయనిపుణురాలు. చెన్నై, ఢిల్లీ సంస్థలు కూడా కలిసి నడిచాయి. 2012 కాపీరైట్ సవరణ చట్టంతో వికలాంగుల కోసం పుస్తకాన్ని అందుబాటు రూపంలోకి మార్చడం ఉల్లంఘన కాదన్న మినహాయింపు వచ్చింది. మరుసటి ఏడాది జూన్‌లో మొరాకోలోని మర్రకేష్‌లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 2014 జూన్‌లో దాన్ని ప్రపంచంలో అందరికన్నా ముందు ఆమోదించిన దేశం భారత్. 2016 సెప్టెంబరు 30 నుంచి ఒప్పందం అమల్లోకి రావడంతో ఒక దేశంలో మార్చిన పుస్తకాన్ని మరో దేశపు విద్యార్థికి పంపే వీలు కలిగింది. అదే ఏడాది ఆగస్టులో మొదలైన సుగమ్య పుస్తకాలయ దేశంలో ఇలాంటి పుస్తకాలను ఆన్‌లైన్‌లో ఒకచోట చేర్చింది.

పుస్తకం దొరికినా సైన్స్, గణితం తలుపులు వెంటనే తెరుచుకోలేదు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా ఉదంతం తెలుగువారికి బాగా తెలిసినదే. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చినా చూపులేదన్న కారణంతో ఇంటర్‌లో సైన్స్ గ్రూపు నిరాకరించారు. కోర్టుకెళ్లి అనుమతి తెచ్చుకుని, పుస్తకాలను వింటూ చదివి, 98 శాతం సాధించి, 2009లో అమెరికాలోని ఎంఐటీలో చేరాడు. బెంగళూరులో గణితం, కంప్యూటర్లు చదివి ట్రిపుల్ ఐటీ దాకా వెళ్లిన వై. విద్య కూడా చూపులేని వ్యక్తే. ఆమె సహచరులతో కలిసి 2017లో విజన్ ఎంపవర్ సంస్థను స్థాపించింది. అంధ పిల్లల బడుల్లో గణితం, సైన్స్ చెప్పే పద్ధతులు, స్పర్శతో తెలుసుకునే బొమ్మలు దాని పని. కాలేజీలో సీటు అడగాలంటే ఎనిమిదో తరగతి నుంచే గణితం వదిలేయకుండా ఉండాలన్నది ఆ పని వెనకున్న లెక్క.

2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. గుర్తించిన వైకల్యాలు ఏడు నుంచి ఇరవై ఒకటి అయ్యాయి, ఉన్నత విద్యలో సీట్లు 5 శాతానికి, గరిష్ఠ వయసులో సడలింపు అయిదేళ్లకు చేరాయి. 2007లో భారత్ ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం నుంచి సహేతుకమైన సర్దుబాటు అన్న భావన చట్టంలోకి వచ్చింది. సంస్థ మీద మోయలేని భారం పడనంతవరకు విద్యార్థికి తగినట్టు పద్ధతులు మార్చాలి, మార్చకపోతే అది వివక్షే. కొత్తగా చేరిన వాటిలో కంటికి కనిపించని డిస్లెక్సియా వంటి అభ్యసన లోపాలు ఉన్నాయి. వాటిని ఎలా నిర్ధారించాలి? 2018 జనవరి 4న కేంద్రం ప్రకటించిన పద్ధతిలో నిర్ధారణ పరీక్షగా పేర్కొన్నది బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షల సముదాయాన్నే. చదవడం, రాయడం, లెక్క, శ్రద్ధ, జ్ఞాపకం వంటివి అందులో విడివిడిగా కొలుస్తారు. ఆ పద్ధతి ప్రకారం 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్షించాలి. 18 ఏళ్లకు ఇచ్చే సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. డిగ్రీలో చేరే ఈడులోనే ఈ చివరి పరీక్ష రావడం వల్ల కాలేజీకి సర్టిఫికెట్ చూపాల్సిన సమయమూ, ఆసుపత్రి తేదీ కోసం ఎదురుచూసే సమయమూ ఒకటే అవుతాయి.

సర్టిఫికెట్‌లో వైకల్యం కనీసం 40 శాతం ఉండాలన్న గీత కూడా చాలామందిని బయటే ఉంచింది. రాస్తే చేయి బిగుసుకుపోయే జబ్బున్న అభ్యర్థికి స్క్రైబ్‌ను నిరాకరించిన వికాస్ కుమార్ కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు, స్క్రైబ్ వసతికి ఆ గీతతో పని లేదంది. అదే ఏడాది నవంబరులో అవని ప్రకాశ్ కేసులోనూ, నీట్‌లో అదనపు గంట నిరాకరించడాన్ని తప్పుపట్టింది. వీటి ఫలితంగా 2022 ఆగస్టు 10న, 40 శాతం కంటే తక్కువ వైకల్యం ఉండి రాయడంలో ఇబ్బందిపడేవారికీ విడిగా మార్గదర్శకాలు వచ్చాయి.

బధిర విద్యార్థులకు స్క్రైబ్ వల్లా, అదనపు సమయం వల్లా ఒరిగేది తక్కువ. వాళ్లకు కావలసింది క్లాసులో ఇంటర్‌ప్రెటర్. బెంగళూరులోనే లా చదివిన సారా సన్నీ 2023 సెప్టెంబరులో సంజ్ఞా భాష ఇంటర్‌ప్రెటర్ సాయంతో సుప్రీంకోర్టులో వాదించిన తొలి బధిర న్యాయవాది. 2024 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టులోనూ అలాగే వాదన వినిపించింది. సుప్రీంకోర్టు బధిర న్యాయవాది కోసం ఇంటర్‌ప్రెటర్‌ను నియమించుకునే దాకా వచ్చింది. డిగ్రీ కాలేజీల తరగతి గదులు అక్కడిదాకా ఇంకా రాలేదు.

భవనాల గురించి చెప్పుకోదగ్గ చరిత్ర తక్కువ. ర్యాంపులు కట్టారు, కొన్నిచోట్ల చక్రాల కుర్చీ ఎక్కలేనంత నిటారుగా కట్టారు. దేశవ్యాప్తంగా పరిస్థితిని హైదరాబాద్ నల్సార్ లా విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం పరిశీలించి నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు కేవలం సలహాలుగా ఉండిపోతే చాలదని, కొన్నిటినైనా తప్పనిసరి చేయాలని తేల్చింది.

ఇప్పుడు అడిగే పద్ధతి సంస్థను బట్టి మారుతుంది. ఐఐఎం బెంగళూరులో వికలాంగ సేవల కార్యాలయం ఉంది. విద్యార్థి అక్కడికి వెళ్లి తన అవసరం చెప్పుకుంటే చాలు, అధ్యాపకులతో మాట్లాడే పని కార్యాలయానిది. మూడుగా చీలిన బెంగళూరు విశ్వవిద్యాలయం అనుబంధ కాలేజీలో అర్జీ ప్రిన్సిపాల్ నుంచి మూల్యాంకన రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లాలి. దానికి వైకల్య సర్టిఫికెట్ లేదా వికలాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ), స్క్రైబ్ ఫొటో, అతని చదువు రుజువు జతచేయాలి. నిరాకరిస్తే ఫిర్యాదు వినేది రాష్ట్ర వికలాంగుల కమిషనర్. చిన్నప్పుడే పోలియోతో చేతులూ కాళ్లూ కోల్పోయి, 2024లో పద్మశ్రీ అందుకున్న కె.ఎస్. రాజన్న ఒకప్పుడు ఆ పదవిలో ఉన్నారు.

2025 ఆగస్టులో కేంద్రం పోటీ పరీక్షల కోసం మరోసారి మార్గదర్శకాలు మార్చింది. పరీక్ష నిర్వహించే సంస్థే శిక్షణ పొందిన స్క్రైబుల జాబితా సిద్ధం చేసుకోవాలని, అభ్యర్థి సొంత స్క్రైబ్‌ను తెచ్చుకునే పద్ధతి క్రమంగా తగ్గాలని అందులో ఉంది. 1995 చట్టం కాలేజీలకు అప్పగించిన పని కూడా ఇదే. అనుబంధ కాలేజీల సెమిస్టర్ పరీక్షలకు మాత్రం మనిషిని వెతికిపెట్టే భారం నేటికీ చాలావరకు విద్యార్థి మీద, వాట్సాప్ గ్రూపుల మీద, స్వచ్ఛంద సంస్థల మీదే ఉంది.